బూర్గుల రామకృష్ణారావు

బూర్గుల రామకృష్ణారావు (1899 మార్చి 13 - 1967 సెప్టెంబరు 14) హైదరాబాదు రాష్ట్రానికి ఎన్నికైన ఏకైక ముఖ్యమంత్రి, న్యాయవాది, బహుభాషావేత్త, రచయిత. కేరళ, ఉత్తర ప్రదేశ్ రాష్ట్రాలకు గవర్నరుగా కూడా పనిచేసాడు. తెలంగాణ కౌలుదారుల చరిత్రలో ఆయన పేరు రక్షిత కౌలుదారు చట్టం అమలుతో ముడిపడి ఉంది. ఎవరు ఏ భూమిని ఎంత కౌలుకు చేస్తున్నారో ప్రభుత్వ రికార్డులో వ్రాయించిన తొలి పెద్ద ప్రయత్నం ఆయన అధికారంలో ఉన్న కాలంలోనే జరిగింది.

బాల్యం, విద్యాభ్యాసం

రామకృష్ణారావు మహబూబ్ నగర్ జిల్లా కల్వకుర్తి తాలూకా పడకల్ గ్రామంలో జన్మించాడు. అసలు ఇంటిపేరు పుల్లంరాజు. షాద్ నగర్ సమీపంలోని బూర్గుల స్వగ్రామం కావడంతో ఆ ఊరి పేరే ఇంటిపేరుగా స్థిరపడింది. ఈ రెండు గ్రామాలు 2016 జిల్లాల పునర్విభజన తరువాత రంగారెడ్డి జిల్లాలో ఉన్నాయి. హైదరాబాదులోని ధర్మవంత్, ఎక్సెల్షియర్ పాఠశాలలలో చదివి, పుణె ఫెర్గూసన్ కళాశాల నుండి బి.ఏ., బొంబాయి విశ్వవిద్యాలయం నుండి 1923లో న్యాయశాస్త్ర పట్టా పొందాడు. హైదరాబాదులో న్యాయవాదిగా మంచి పేరు తెచ్చుకున్నాడు. తరువాతి కాలంలో ప్రధానమంత్రి అయిన పి.వి.నరసింహారావు ఆయన వద్ద జూనియర్ గా పనిచేసాడు.

ఆంధ్ర మహాసభ

నిజాం పాలనలో తెలుగు వారి సాంస్కృతిక, రాజకీయ చైతన్యానికి వేదికైన ఆంధ్ర మహాసభ తొలితరం నాయకులలో ఆయన ఒకడు. 1931లో నల్గొండ జిల్లా దేవరకొండలో జరిగిన రెండవ మహాసభకు అధ్యక్షత వహించాడు. 1944 భువనగిరి సమావేశంతో మహాసభ చీలినపుడు రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి మొదలైన వారు ఒక వైపు, బూర్గుల, కొండా వెంకట రంగారెడ్డి, మందుముల నరసింగరావు మొదలైన మితవాదులు మరొక వైపు నిలిచారు. భూమి సమస్య ఉన్నదనుటలో రెండు పక్షాలకూ భేదం లేదు. దానిని పోరాటంతో తీర్చాలా, చట్టంతో తీర్చాలా అన్నదే భేదం. బూర్గుల చివరి వరకు చట్టం పక్షానే నిలిచాడు.

కౌలుదారుల స్థితి

నల్గొండ, మహబూబ్ నగర్ జిల్లాల మెట్ట నేలలలో పట్టా ఒకరి పేర, సేద్యం మరొకరి చేత సాగడం సాధారణం. దేశ్ ముఖ్ లు, జాగీర్దారులు, పెద్ద పట్టాదారుల భూములను షిక్మీదార్లు నోటిమాట మీద చేసుకునేవారు. కౌలు ఎంతో వ్రాతలో ఉండేది కాదు, చెల్లించినదానికి రసీదు ఉండేది కాదు. బకాయి ఎంత అన్నది యజమాని లెక్క చెప్పినంత. ఆ లెక్క తప్పని చెప్పుకోవడానికి రైతు చేతిలో కాగితం ఉండదు. గ్రామ లెక్కలు వ్రాసే పట్వారీ చాలా చోట్ల పట్టాదారుకు బంధువో, ఆయన అండన బ్రతికేవాడో అయి ఉండేవాడు. నిజాం ప్రభుత్వం 1354 ఫసలీలో అసామీ షిక్మీల చట్టం చేసింది గాని, దానివలన కౌలుదారులకు కలిగిన మేలు స్వల్పం. ఈ పరిస్థితులే వెట్టిచాకిరితో కలిసి నల్గొండ జిల్లాలో సాయుధ పోరాటానికి దారితీసాయి.

రక్షిత కౌలుదారు చట్టం

1948 సెప్టెంబరు పోలీసు చర్య తరువాత, 1949 ఆగస్టులో జాగీర్దారీ విధానం రద్దయింది. హైదరాబాదు కౌలుదారీ మరియు వ్యవసాయ భూముల చట్టం 1950 జూన్ 10న అమలులోకి వచ్చింది. అదే నెలలో ఎం.కె.వెల్లోడి మంత్రివర్గంలో చేరిన కాంగ్రెసు మంత్రులలో బూర్గుల ఒకడు. ఆయనకు రెవెన్యూ శాఖ అప్పగించబడింది. కనుక చట్టాన్ని ఆయన ఒక్కడే చేసాడనుట సరికాదు. దానిని గ్రామానికి చేర్చే బరువు మాత్రం ఆయన మీద పడింది.

ఈ చట్టం ప్రకారం నిర్ణీత కాలంలో వరుసగా ఆరు సంవత్సరాలు ఒకే భూమిని స్వయంగా సేద్యం చేసిన కౌలుదారు 'రక్షిత కౌలుదారు' అవుతాడు. అతని హక్కు వారసులకు సంక్రమిస్తుంది. యజమాని ఆ భూమిని అమ్మదలిస్తే కొనే మొదటి హక్కు అతనిదే. కౌలు బకాయిపడినా వెంటనే తొలగించరాదు, బకాయి చెల్లించి భూమిని నిలుపుకొనే అవకాశమివ్వాలి. న్యాయమైన కౌలు ఎంతో నిర్ణయించమని తహసీల్దారును కోరవచ్చును. భూమిని తనంతట తానే వదులుకొంటున్నానని కౌలుదారు వ్రాసి ఇచ్చినా, తహసీల్దారు ఎదుట స్వయంగా ఒప్పుకొని, అది నిజాయితీగా జరిగినదని ఆ అధికారికి తోచినపుడే చెల్లుతుంది. నోటిమాట లెక్కల మధ్య బ్రతికిన రైతుకు ఇవి సామాన్యమైన హక్కులు కావు.

హైదరాబాదు రాష్ట్రం మొత్తం మీద 6 లక్షలకు పైగా కౌలుదారులు రక్షిత కౌలుదారులుగా నమోదయ్యారు. వారి చేతిలోని భూమి సాగుభూమిలో నాలుగవ వంతుకు మించింది. నమోదు అంటే గ్రామం వారీగా, సర్వే నంబరు వారీగా పేరు వ్రాయడం. పేరు ఎక్కినవానికి హక్కు ఉన్నది. తండ్రి పేరు తప్పుపడినా, సర్వే నంబరు మారినా, పట్టాదారు పలుకుబడితో పేరే ఎక్కకపోయినా ఆ హక్కును కచేరీల చుట్టూ తిరిగి సాధించుకోవలసిందే.

ముఖ్యమంత్రిగా

1952 ఎన్నికలలో షాద్ నగర్ నుండి గెలుపొంది, మార్చి 6న ముఖ్యమంత్రి అయ్యాడు. శాసనసభలో ప్రతిపక్షమైన పీపుల్స్ డెమొక్రటిక్ ఫ్రంట్ బలం ముఖ్యంగా నల్గొండ, వరంగల్ ప్రాంతాల నుండి వచ్చినది. కనుక భూమి ప్రశ్న ఆయనను వదలలేదు. ఆ ఏడాది సెప్టెంబరులో ముల్కీ ఆందోళనపై హైదరాబాదులో పోలీసు కాల్పులు జరిగి కొందరు మరణించారు. ఆయన పాలనపై పడిన మచ్చలలో ఇది పెద్దది.

1954 ఫిబ్రవరిలో కౌలుదారీ చట్టానికి జరిగిన సవరణ ఆయన ప్రభుత్వం చేసిన ముఖ్యమైన పని. కౌలు గరిష్ఠ పరిమితిని భూమిశిస్తుతో ముడిపెట్టారు. నేల రకాన్ని, నీటి వసతిని బట్టి శిస్తుకు మూడు నుండి ఐదు రెట్లకు మించి కౌలు తీసుకోరాదు. అంటే 10 రూపాయల శిస్తు గల భూమికి కౌలు 30 నుండి 50 రూపాయలలోపు ఉండాలి. పంటలో వాటా అన్నపుడు కల్లం దగ్గర కొలతలో మోసం జరగవచ్చు. శిస్తు అంకె ప్రభుత్వ పుస్తకంలో ఉంటుంది కనుక ఎవరైనా లెక్క చూసుకొనవచ్చును. ఈ సవరణలోని తెలివి ఇదే. యజమాని స్వంత సేద్యానికని భూమిని తిరిగి తీసుకొనుటకు మూడు కుటుంబ కమతాల హద్దు, భూ పరిమితిగా నాలుగున్నర కుటుంబ కమతాలు నిర్ణయించబడ్డాయి.

అయితే ఫలితం ఆశించినంతగా లేదు. ఆర్థికవేత్త ఎ.ఎం.ఖుస్రో 1958లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం 1951లో నమోదైన ప్రతి నూరుగురు రక్షిత కౌలుదారులలో నాలుగేళ్ళ తరువాత అదే హోదాలో మిగిలినవారు సుమారు 45 మంది. సుమారు 12 మంది భూమిని కొనుక్కున్నారు. చట్టప్రకారం తొలగించబడినవారు ముగ్గురు కూడా లేరు. చట్టవిరుద్ధంగా తొలగించబడినవారు మాత్రం 22 మంది. మరొక 17 మందికి పైగా తమంతట తామే భూమిని వదులుకున్నట్లు రికార్డులో ఉన్నది. గ్రామంలో దొర మాటకు ఎదురు చెప్పలేని రైతు వేసిన వేలిముద్రను స్వచ్ఛందమనుట కష్టం. తహసీల్దారు పరిశీలన అనే రక్షణ ఎందరి విషయంలో నిజంగా పనిచేసిందో ఈ అంకెలను బట్టి ఊహించవచ్చును.

ఇండ్ల అద్దెలు, గృహవసతి

ఆయన కాలంలోనే పట్టణాలలో అద్దెకుండువారి విషయంలోనూ శాసనాలు వచ్చాయి. 1954లో చేసిన హైదరాబాదు గృహముల అద్దె నియంత్రణ చట్టం ప్రకారం న్యాయమైన అద్దెను కంట్రోలరు నిర్ణయిస్తాడు. ఆయన ఉత్తర్వు లేనిదే యజమాని కిరాయిదారును ఖాళీ చేయించరాదు. ఈ చట్టం స్థానంలో 1960లో ఆంధ్ర ప్రదేశ్ అంతటికీ వర్తించే చట్టం వచ్చింది. 1956లో చేసిన గృహనిర్మాణ మండలి (హౌసింగ్ బోర్డు) చట్టం ప్రకారం ఏర్పడిన బోర్డు, 1912 నుండి నగరంలో పనిచేస్తున్న సిటీ ఇంప్రూవ్ మెంట్ బోర్డు బాధ్యతలను 1960 జూలైలో స్వీకరించింది. పల్లెలో కౌలు, పట్నంలో కిరాయి అన్న తేడా తప్పిస్తే ఈ శాసనాల మార్గమొక్కటే: రేటును అధికారి నిర్ణయించడం, ఉత్తర్వు లేకుండా వెళ్ళగొట్టకుండుట.

ఆంధ్ర ప్రదేశ్ అవతరణ, గవర్నరు పదవులు

1955 డిసెంబరు 10న నల్గొండ జిల్లా నందికొండ వద్ద నాగార్జునసాగర్ కు జవహర్ లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసినపుడు బూర్గులయే హైదరాబాదు ముఖ్యమంత్రి. 1956 ఫిబ్రవరి 20న పెద్దమనుషుల ఒప్పందంపై సంతకాలు చేసినవారిలో ఆయన ఒకడు. తెలంగాణలో వ్యవసాయ భూముల అమ్మకాలపై ప్రాంతీయ మండలికి అదుపు ఉండవలెనన్న షరతు ఆ ఒప్పందంలో ఉన్నది. 1956 అక్టోబరు 31న హైదరాబాదు రాష్ట్రంతో పాటే ఆయన పదవీ ముగిసింది.

అదే సంవత్సరం నవంబరులో కేరళ గవర్నరుగా నియమితుడయ్యాడు. 1957 ఏప్రిల్ లో అధికారానికి వచ్చిన ఇ.ఎం.ఎస్.నంబూద్రిపాద్ ప్రభుత్వం మొదటి వారంలోనే కౌలుదారుల తొలగింపును నిలిపివేస్తూ ఆర్డినెన్సు తెచ్చింది. అది గవర్నరుగా బూర్గుల పేరనే వెలువడింది. హైదరాబాదులో చట్టం వచ్చాక కూడా కౌలుదారులు వేలాదిగా భూములు కోల్పోగా, కేరళ ప్రభుత్వం అసలు చట్టానికి ముందే తొలగింపులను ఆపింది. 1959 జూలై 31న ఆ ప్రభుత్వం రద్దయినది కూడా ఆయన పంపిన నివేదిక తరువాతనే. భూసంస్కరణల బిల్లును కేరళ శాసనసభ ఆమోదించి అప్పటికి రెండు నెలలైనా కాలేదు. 1960 జూలై నుండి 1962 ఏప్రిల్ వరకు ఉత్తర ప్రదేశ్ గవర్నరుగా, తరువాత 1966 వరకు రాజ్యసభ సభ్యునిగా ఉన్నాడు.

సాహిత్యం

తెలుగు, ఉర్దూ, ఫారసీ, సంస్కృతం, మరాఠీ, కన్నడం, ఆంగ్లం మొదలైన భాషలలో ఆయనకు ప్రవేశం ఉండేది. ఉమర్ ఖయ్యాం రుబాయీలను తెలుగులోనికి అనువదించాడు. పండితరాజ పంచామృతము, సారస్వత వ్యాసముక్తావళి ఇతర రచనలు.

తరువాతి కాలం

1967 సెప్టెంబరు 14న రామకృష్ణారావు మరణించాడు. రక్షిత కౌలుదారులకు యాజమాన్య హక్కును బదలాయించే 38-ఇ సెక్షను తెలంగాణలో అధిక భాగానికి వర్తించినది 1973 జనవరి 1 నుండి మాత్రమే. అప్పుడు ముఖ్యమంత్రి ఆయన పూర్వపు జూనియర్ పి.వి.నరసింహారావు. 1950ల నాటి రక్షిత కౌలుదారుల రిజిస్టరులో పేరున్నవారికే, లేదా వారి వారసులకే, ఈ ధృవపత్రాలు ఇవ్వబడ్డాయి. ఆ రిజిస్టరులోని పేర్లపై, సర్వే నంబర్లపై వ్యాజ్యాలు మూడవ తరం వరకు సాగాయి. హైదరాబాదులోని ప్రభుత్వ కార్యాలయ సముదాయానికి బూర్గుల రామకృష్ణారావు భవనం అని పేరు పెట్టారు. 2019 నుండి 2023లో క్రొత్త భవనం సిద్ధమయ్యే వరకు తెలంగాణ సచివాలయం అందులోనే పనిచేసింది.