వాల్టర్ టల్ అను ఆటగాడు

ఇంగ్లండు దక్షిణ తీరమునందలి ఫోక్‌స్టన్ పట్టణములో 1888వ సంవత్సరమున వాల్టర్ టల్ జన్మించెను. తండ్రి బార్బడోస్ ద్వీపమునుండి వచ్చిన వడ్రంగి, బానిసల సంతతివాడు. తల్లి ఆంగ్లేయ స్త్రీ. 1895లో తల్లియు, 1897లో తండ్రియు చనిపోయిరి. సవతితల్లి పిల్లలందరిని సాకలేక వాల్టరును, అతని అన్న ఎడ్వర్డును లండనులోని మెథడిస్టువారి అనాథ శరణాలయమునకు పంపెను. కొంతకాలమునకు అన్నను గ్లాస్గో నగరమందలి ఒక కుటుంబమువారు పెంచుకొనుటకు తీసికొనిపోయిరి. చిన్నవాడు అక్కడనే మిగిలెను. ఆ ఎడబాటు ఎట్టిదో, తలిదండ్రులు లేని పిల్లలను చేరదీసిన మన చదువరులకు వేరుగా చెప్పనక్కరలేదు. శరణాలయమువారు అతనికి అచ్చుపని నేర్పించిరి. అతని మనస్సు మాత్రము ఫుట్‌బాల్ ఆట మీదనే యుండెను.

1909లో టాటెన్‌హామ్ జట్టు అతనిని చేర్చుకొనెను. ఆ యేడే బ్రిస్టలులో ఆడుచుండగా, చూడవచ్చినవారిలో కొందరు అతని దేహవర్ణమునుబట్టి నోటికి వచ్చినట్లు దూషించిరి. అతడు మారు పలుకక ఆడిన తీరును ఒక విలేఖరి మెచ్చుకొని వ్రాసెను. అయినను కొలది కాలమునకే జట్టువారు అతనిని వెనుకకు నెట్టిరి. దూషణకంటె ఇదియే అతనిని ఎక్కువ బాధించియుండునని మాకు తోచుచున్నది. 1911లో నార్తాంప్టన్ జట్టులో చేరి, నూటికి పైగా ఆటలాడి ఆ ఊరివారి అభిమానమును సంపాదించెను.

1914 డిసెంబరులో సైన్యములో చేరెను. ఆటగాండ్రతో కూర్చిన పటాలములో సార్జెంటై, 1916లో సోమ్ యుద్ధమునకు పోయెను. ఆనాటి బ్రిటిషు సైనిక నిబంధనల ప్రకారము ఐరోపా సంతతివారు కానివారు అధికారులు కారాదు. అయినను పై అధికారులు ఆ నిబంధనను ప్రక్కనబెట్టి అతని పేరును సిఫారసు చేసిరి. 1917 మే నెలలో సెకండ్ లెఫ్టినెంటు ఆయెను. తెల్ల సిపాయిలు అతని ఆజ్ఞకు లోబడి నడచిరి. ఇటలీలో శీతకాలమున 26 మందిని పియావె నది దాటించి, అందరిని క్షేమముగా తిరిగి తెచ్చెను.

1918 మార్చి 25న ఫ్రాన్సులో ఫావ్రెయ్ సమీపమున జర్మనులు విరుచుకొనిపడినప్పుడు, తుపాకిగుండు తగిలి కూలెను. అప్పటికి అతనికి 29 ఏండ్లు. అతని సిపాయిలు గుండ్ల వానలోనే దేహమును తెచ్చుటకు ప్రయత్నించిరి. సౌలు దేహముకొరకు రాత్రియంతయు నడచిన యాబేష్గిలాదువారు మాకిక్కడ జ్ఞాపకము వచ్చుచున్నారు. వారివలె వీరికి సాధ్యపడలేదు. టామ్ బిల్లింగ్‌హామ్ అను పూర్వపు గోల్‌కీపరు కొంతదూరము తెచ్చియు, శత్రువులు మీదికి వచ్చుటచేత విడువవలసివచ్చెను. అతనికి సమాధి లేదు. ఆరాస్ స్మారక కుడ్యముపై సుమారు 35,000 పేర్ల నడుమ అతని పేరును చెక్కిరి.

శౌర్య పతకమునకు అతనిని సిఫారసు చేసియున్నారని తోటి అధికారి ఒకడు గ్లాస్గోలోని అన్నకు వ్రాసెను. ఆ పతకము ఆ కుటుంబమునకు చేరలేదు.