మెట్రిక్ రెండుసార్లు తప్పిన సుబ్బారావు గారు

మార్కులు తగ్గాయని మీలో చాలామంది బెంగపడుతుంటారు. అందుకే ఈ నెల, మెట్రిక్ రెండుసార్లు తప్పిన ఒకాయన గురించి చెప్తాను.

యల్లాప్రగడ సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. కాశీలో అరటిపళ్ళు అమ్ముకుంటానని చిన్నప్పుడు ఇంట్లోంచి పారిపోతే అమ్మగారు వెనక్కి రప్పించారట. మూడోసారికి మెట్రిక్ గట్టెక్కారు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు వేసుకున్నందుకు సర్జరీ ప్రొఫెసర్‌కి కోపం వచ్చింది. చివరికి ఎంబీబీఎస్ బదులు దానికన్నా తక్కువదైన ఎల్‌ఎమ్‌ఎస్ చేతికొచ్చింది. ఇద్దరు అన్నదమ్ములు స్ప్రూ జబ్బుతో కొద్ది రోజుల తేడాలో పోయారు. తిన్నది ఒంటబట్టనివ్వని పేగుల జబ్బు అది.

1920ల మొదట్లో, మామగారి సాయంతో అమెరికాలోని హార్వర్డ్ చేరారు. ఖర్చులకు హాస్పిటల్లో రాత్రిళ్ళు చిన్న పని చేశారు. మీ పిల్లల బయాలజీ పుస్తకంలో ఏటీపీ ఉంటుంది చూడండి, దాన్ని తొలిసారి గుర్తించినవారిలో ఈయనొకరు. అయినా పర్మనెంట్ పోస్టు రాలేదు. 1940లో లెడర్లీ అనే మందుల కంపెనీకి వెళ్ళిపోయారు.

అక్కడ ఆయన టీమ్ 1945లో ఫోలిక్ ఆసిడ్‌ని ల్యాబ్‌లో తయారు చేసింది. స్ప్రూకి అది మంచి మందు. అన్నదమ్ములకి మాత్రం అందలేదు.

అసలు కథ ఇక్కడుంది. బోస్టన్‌లో పిల్లల డాక్టర్ సిడ్నీ ఫార్బర్, బ్లడ్ క్యాన్సర్ ఉన్న పిల్లలకి ఫోలిక్ ఆసిడ్ రకం మందులిస్తే జబ్బు ఇంకా పెరిగినట్టు కనిపించింది. మరి దాన్ని అడ్డుకుంటే? సుబ్బారావు గారి టీమ్ చూడ్డానికి అచ్చం ఫోలిక్ ఆసిడ్‌లా ఉండే అమినోప్టెరిన్ తయారు చేసింది. కణం దాన్ని నిజమైనదనుకుని తీసుకుంటుంది, ఇక డీఎన్‌ఏ చేసుకోలేదు, విభజన ఆగిపోతుంది. ఫార్బర్ ఇంజెక్షన్‌గా ఇచ్చిన 16 మంది పిల్లల్లో 10 మందికి జబ్బు వెనక్కి తగ్గింది. కొద్ది నెలలకే తిరగబెట్టింది కానీ, అంతవరకూ ఆ జబ్బు ఏ మందుకీ అలా లొంగలేదు.

ఆ ఫలితాలు 1948 జూన్‌లో అచ్చయ్యాయి. ఆగస్టులో సుబ్బారావు గారు నిద్రలోనే కన్నుమూశారు. వయసు 53. ఇండియాకి మళ్ళీ రానేలేదు. భార్య శేషగిరి గారు ఇక్కడే ఉండిపోయారు. ఆయన గురించి రాసేటప్పుడు ఆవిడని మర్చిపోవడం నాకు నచ్చదు.

ఆ టీమ్ నుంచే వచ్చిన మెథోట్రెక్సేట్‌ని బ్లడ్ క్యాన్సర్ పిల్లలకి నేటికీ ఇస్తున్నారు, వెన్నులోకి ఇంజెక్షన్‌గా కూడా. మీ ఇంట్లో పెద్దవాళ్ళెవరైనా కీళ్ళవాతానికి వారానికోసారి మాత్ర వేసుకుంటుంటే, దాని పేరు చదవండి. చాలావరకు అదే మందు.