నౌషేరా సింహము: బ్రిగేడియర్ మహమ్మద్ ఉస్మాన్

విమానమునుండి పారాచూటు సాయమున దుముకు సైనికులను మన విద్యార్థులు బొమ్మలలో చూచియుందురు. అట్టి దళమునకు నాయకుడై, ముప్పదియారవ యేడు నిండుటకు పండ్రెండు దినములు ముందుగా రణరంగమున నేలకొరగిన యొక వీరుని చరిత్రమును ఇచట చెప్పదలచితిమి.

మహమ్మద్ ఉస్మాన్ 1912 జూలై 15వ తేదీన, నాటి ఆజంగఢ్ జిల్లాలోని బీబీపూరు గ్రామమున జన్మించెను. తండ్రి కాశీ నగరపు కొత్వాలు. పండ్రెండేండ్ల ప్రాయముననే, బావిలో పడిన యొక పిల్లవానిని కాపాడుటకై ఉస్మాన్ తానును అందులోనికి దుమికెనట. బాలునకు నత్తి యుండెను. పోలీసు కొలువులో చేర్పింపనెంచి తండ్రి అతనిని తన పై యధికారియగు ఒక దొర కడకు గొనిపోయెను. విధివశమున ఆ దొరకును నత్తియే! కుర్రవాడు తన్ను వెక్కిరించుచున్నాడని ఆయన మండిపడెనని చెప్పుదురు. ఆ కొలువు తప్పిపోవుట దేశమునకు మేలే యయ్యెను. 1932లో ఉస్మాన్ ఇంగ్లండులోని శాండ్‌హర్స్ట్ సైనిక విద్యాలయమున చేరి, 1934లో అధికారియై వెలువడి, పిదప బలూచి రెజిమెంటున ప్రవేశించెను.

1947లో దేశము రెండయ్యెను; సైన్యమును రెండయ్యెను. బలూచి రెజిమెంటు పాకిస్తానునకు పోయెను. ముసల్మానగు ఉస్మాన్ కూడ పోవుననియే పలువురు తలచిరి. వచ్చినచో సేనాధిపత్యమే లభించునని అచటి నాయకులు ఆశ చూపిరని ప్రతీతి. ఆయన కదలలేదు. తాను పుట్టిన నేలయే తన దేశమని నిలిచి, డోగ్రా రెజిమెంటునకు మారెను.

నీ వెచటివాడవను ప్రశ్న యెంత బరువైనదో మన పెద్దలెరుగుదురు. 1953లో ఆంధ్రరాష్ట్రము వేరుపడినపుడు చెన్నపురిని వీడని తెలుగు కుటుంబములు జార్జి టౌన్ వీధులలో నెన్నియో కలవు. ఐనను రెంటిని ఒకే త్రాసున తూచరాదు. ఆయన యెదుర్కొన్నది నెత్తుటి విభజనము.

కాశ్మీర యుద్ధమున 50వ పారాచూట్ బ్రిగేడు ఆయన చేతికి వచ్చెను. ఆ సైనికులు అచట విమానములనుండి దుముకలేదు, కొండలపై కాలినడకనే పోరిరి. 1947 డిసెంబరు 24వ తేదీన ఝాంగర్ శత్రువుల వశమయ్యెను. దానిని మరల గెలుచువరకు మంచముపై పరుండనని ఉస్మాన్ ప్రతినబూని, ఆ కొండప్రాంతపు చలికాలమంతయు నేలపై చాప పరచుకొని నిద్రించెను. 1948 ఫిబ్రవరి 6వ తేదీన వేలకొలది శత్రువులు నౌషేరాపై విరుచుకొనిపడగా వారిని తరిమికొట్టెను. నాటినుండియే ఆయనకు నౌషేరా సింహమను పేరు కలిగెను. మార్చి 18వ తేదీన ఝాంగర్ మరల మనదయ్యెను. ఆ రాత్రి ఆయనకై గ్రామమునుండి యొక మంచమును ఎరువు తేవలసివచ్చెనట!

నౌషేరాలో దిక్కులేక తిరుగుచున్న బాలురను ఆయన చేరదీసి, తిండి పెట్టి, చదువు చెప్పించి, బాలసేనగా తీర్చెను. యుద్ధసమయమున వారు వార్తలు చేరవేసిరి. పసివారిని గుండ్ల నడుమ త్రిప్పుట మాకు మనస్కరింపదు. కాని ఆ యనాథలకు అప్పుడు వేరొక నీడ లేదు. వారిలో ముగ్గురు పిదప నెహ్రూగారి చేతులమీదుగా బంగారు గడియారములు పొందిరి.

1948 జూలై 3వ తేదీన ఝాంగర్‌లో ఫిరంగిగుండు తగిలి ఉస్మాన్ అసువులు బాసెను. ప్రభుత్వము మరణానంతరము మహావీరచక్ర నిచ్చెను. ఢిల్లీలో జరిగిన అంత్యక్రియలకు ప్రధాని నెహ్రూ, మంత్రులు హాజరైరి. ఆయన వివాహమాడలేదు, జీతములో పెద్ద భాగము బీదపిల్లల చదువులకే వెచ్చించుచుండెను. సమాధియు జామియా మిల్లియా విద్యాలయపు చెంతనే యున్నది.