చెన్నపట్టణం రేవున కంచు గుర్రం: దత్తమండలం మరువని మన్రో దొర

చెన్నపట్టణంలో సెయింట్ జార్జి కోటకు ఎదురుగా బంగాళాఖాతం, ఉత్తరాన ఓడరేవు, దానిని ఆనుకొని పాత వర్తకపు వీధులు ఉన్నాయి. కోటనుండి అన్నాసాలై వైపు సాగే దారిలో, కూవం నది పాయల నడుమ ఐలండ్ మైదానం ఉంది. అక్కడ ఎత్తైన రాతి పీఠంపై ఒక కంచు గుర్రం, దానిపై టోపీ లేని ఒక దొర కనిపిస్తారు. గుర్రానికి జీను లేదు, రికాబులు లేవు. బళ్లారి, అనంతపురం, కృష్ణగిరి ప్రాంతాలనుండి పనులమీద రాజధానికి వచ్చిన తెలుగువారు తరతరాలుగా ఆ విగ్రహం ప్రక్కనుండే వెళ్తున్నారు. ఆ దొర తమ తాతముత్తాతల పొలాలను కొలిపించి, పట్టాలిప్పించి, శిస్తు కట్టించినవాడని ఎరిగినవారు తక్కువ. ఆయనే సర్ థామస్ మన్రో.

మన్రో 1761 మే 27న స్కాట్లండులోని గ్లాస్గో నగరంలో జన్మించాడు. తండ్రి అలెగ్జాండర్ మన్రో అమెరికాలోని వర్జీనియాతో పొగాకు వ్యాపారం సాగించిన వర్తకుడు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంతో ఆ వ్యాపారం కుప్పకూలింది. గ్లాస్గో విశ్వవిద్యాలయంలో చదివిన కుమారుడు బ్రతుకుతెరువు కోసం ఈస్టిండియా కంపెనీ సైన్యంలో సామాన్య కేడెట్‌గా చేరి, 1780 జనవరిలో మద్రాసులో అడుగుపెట్టాడు. అప్పటికి ఆయన వయస్సు 18 ఏండ్లు. ఆ ఏడాదే హైదరాలీ కర్ణాటక మైదానంపై దండెత్తగా, కాంచీపురం పరిసరాలలో కంపెనీ సేన పొందిన పరాభవాన్ని ఆ యువకుడు దగ్గరనుండి చూశాడు. యుద్ధాల నడుమ దొరికిన తీరికలో హిందుస్తానీ, పారశీక భాషలను శ్రద్ధగా అభ్యసించాడు. తన జీతంలోనుండి ఇంటికి సొమ్ము పంపి తండ్రిని ఆదుకున్నాడు.

భాషాజ్ఞానమే ఆయన దారిని మార్చింది. 1792లో టిప్పు సుల్తానుతో జరిగిన సంధి వలన బారామహల్, అనగా నేటి కృష్ణగిరి, ధర్మపురి ప్రాంతం, కంపెనీ వశమైంది. దాని పాలన కెప్టెన్ అలెగ్జాండర్ రీడ్‌కు అప్పగించగా, మన్రో ఆయనకు సహాయకుడయ్యాడు. ఏడేండ్లపాటు తమిళం, తెలుగు, కన్నడం కలగలిసి పలికే ఆ పల్లెలలో తిరిగాడు. ధర్మపురిలో ఇల్లు, తోట ఏర్పరచుకొన్నాడు. భూమిని కొలవడం, నేల స్వభావాన్ని బట్టి తరగతులు నిర్ణయించడం, కరణాల లెక్కలలోని లోగుట్టు తెలుసుకోవడం ఆయనకు అక్కడే పట్టుబడ్డాయి. మధ్యవర్తి లేకుండా సర్కారు నేరుగా సేద్యగానితోనే శిస్తు ఒప్పందం చేసుకొనే రైత్వారీ పద్ధతి బారామహల్‌లోనే రూపు దిద్దుకొన్నది.

1799లో శ్రీరంగపట్టణం పతనమైన పిమ్మట మన్రోను కెనరా జిల్లాకు పంపారు. ఆ వర్షపు సీమ ఆయనకు రుచించలేదు. మరుసటి ఏడాదే ఆయన జీవితంలోని ప్రధాన ఘట్టం ఆరంభమైంది. 1800లో నిజాము నవాబు తన సరిహద్దు ప్రాంతాలను కంపెనీకి ధారాదత్తం చేశాడు. బళ్లారి, అనంతపురం, కడప ప్రాంతాలు, కర్నూలు జిల్లాలోని కొంత భాగం అందులో ఉన్నాయి. దానికే దత్తమండలమని పేరు. మన్రో దానికి ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చి 1807 దాకా పాలించాడు.

ఆనాటి దత్తమండలంలో చిన్నా పెద్దా కలిపి ఎనభైమంది వరకు పాలెగాళ్లు ఉండేవారు. ప్రతి పాలెగానికీ కోట, బంట్లు, సొంత వసూళ్లు ఉండేవి. రైతు ఒకే పంటకు ఇద్దరు ముగ్గురికి చెల్లించవలసి వచ్చేది. మన్రో సైన్యం అండతో వారి కోటలను వశపరచుకొని, బంట్లను విడగొట్టి, ఎదిరించినవారిని వెళ్లగొట్టాడు. లొంగినవారికి పింఛన్లు ఏర్పరచాడు. ఈ కాఠిన్యాన్ని లండనులోని కంపెనీ డైరెక్టర్లు సైతం ఆక్షేపించారు. ఆ పింఛన్ల తగవు తరువాతి తరాలకు నిప్పురవ్వగా మిగిలింది. 1846లో కోయిలకుంట్ల సీమలో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరగబడటానికి గల కారణాలలో అదొకటి. 1847లో ఆయనను ఉరితీశారు. కనుక రాయలసీమ జ్ఞాపకంలో మన్రో కాలానికి రెండు ముఖాలున్నాయి. పాలెగాని పీడ వదిలిందని తలచిన రైతులున్నారు; స్వపరిపాలన పోయిందని కుమిలిన వంశాలూ ఉన్నాయి.

పాలెగాళ్ల బెడద తగ్గిన పిదప భూమి కొలత మొదలైంది. పల్లె పల్లెకూ గొలుసులు పట్టుకొన్న సర్వేయర్లు వెళ్లారు. మెట్ట, మాగాణి, తోట అని పొలాలను విభజించారు. నేలను బట్టి దరి నిర్ణయించారు. మన్రో ఏడాదిలో చాలా భాగం గుడారాలలోనే గడిపాడు. వచ్చిన రైతులను చెట్టు క్రిందనే కూర్చుండబెట్టుకొని, వాన, ఎద్దులు, చెరువు మరమ్మత్తు, కరణం ఆగడాల గురించి విచారించేవాడు. జమాబందీలో ప్రతి రైతుకూ తన పేరిట పట్టా చేతికి అందేది. పల్లెవాసికి సర్కారుతో నేరుగా సంబంధం ఏర్పడటం ఆ సీమలో కొత్త సంగతి.

అయితే ఆ పట్టాతోపాటు మోయలేని భారం కూడా వచ్చింది. తొలుత విధించిన శిస్తు స్థూలఫలసాయంలో సుమారు 45 శాతమని అంచనా. కంపెనీ ఖజానా ఆకలి అటువంటిది. ఆ దరి నిలువదని గ్రహించినవాడు కూడా మన్రోయే. 1807లో స్వదేశానికి వెళ్తూ, అన్ని భూములపైనా నాల్గవ వంతు తగ్గించాలనీ, చెరువు, బావుల క్రింది భూములకు మరికొంత తగ్గించాలనీ సిఫారసు చేశాడు. పై అధికారులు దానిని ప్రక్కన పెట్టి, ఊళ్లను గుత్తలకిచ్చే పద్ధతిని తెచ్చారు. గుత్తదారులు దివాలా తీశారు, పల్లెలు చితికిపోయాయి. మన్రో తిరిగివచ్చి గవర్నరైన 1820 ప్రాంతంలోనే రైత్వారీ పద్ధతి తగ్గిన దరులతో మరల అమలులోకి వచ్చింది.

ఈ నడుమ ఆయన ఇంగ్లండులో పార్లమెంటు కమిటీ ఎదుట సాక్ష్యమిచ్చాడు. 1814లో జేన్ కాంప్‌బెల్‌ను వివాహమాడి, న్యాయ, పోలీసు వ్యవస్థలను సంస్కరించే కమిషన్ అధ్యక్షుడుగా మద్రాసుకు మరలాడు. 1817, 1818లలో మరాఠా యుద్ధంలో సేనాపతిగా పనిచేశాడు. 1820 జూన్‌లో మద్రాసు గవర్నరు పదవి స్వీకరించాడు. సామాన్య కేడెట్‌గా ఏ రేవున దిగాడో, అదే రేవుకు నలభై ఏండ్ల తరువాత గవర్నరుగా వచ్చాడు.

గవర్నరుగా ఆయన చేసిన పనులలో బడులకు సంబంధించినది ప్రత్యేకంగా చెప్పుకోదగినది. 1822లో రాజధాని అంతటా దేశీయ పాఠశాలలెన్ని, చదివే పిల్లలెందరు, ఏ కులాలవారు, ఏ పుస్తకాలు చదువుతారన్న వివరాలను కలెక్టర్లనుండి తెప్పించాడు. 12,498 పాఠశాలలు, 1,88,650 మంది విద్యార్థులు లెక్కకు వచ్చారు. ఇండ్లలో చదువుకొనేవారిని కలిపితే మగపిల్లలలో మూడవ వంతుకు దగ్గరగా చదువు అందుతున్నదని ఆయన అంచనా వేశాడు. బడిపంతుళ్ల దైన్యస్థితిని గుర్తించి, జిల్లాకు, తాలూకాకు సర్కారు ఖర్చుతో బడులు పెట్టాలని 1826లో ప్రతిపాదించాడు. ఇంగ్లీషు ఉద్యోగులు దేశభాషలు నేర్వాలని పట్టుబట్టిన గవర్నరు కూడా ఆయనే. ఆయన పదవి స్వీకరించిన 1820లోనే కడపకు ఉద్యోగిగా వచ్చిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ తరువాత తెలుగుకు ఎంత సేవ చేశాడో అందరికీ విదితమే.

బర్మా యుద్ధం వలన ఆయన పదవీ విరమణ వాయిదా పడింది. బిడ్డ అనారోగ్యం కారణంగా భార్య 1826లో ముందే ఓడనెక్కింది. తరువాతి గవర్నరు వచ్చేలోగా తాను పాలించిన దత్తమండలాన్ని కడసారి చూడాలని 1827 వేసవిలో మన్రో బయలుదేరాడు. దారిలో విడిదిలో కలరా ప్రబలింది. 1827 జూలై 6న పత్తికొండలో ఆయన కన్నుమూశాడు. గుత్తి కోట క్రింది శ్మశానంలో ఖననం చేశారు. 1831లో అస్థికలను మద్రాసుకు తరలించి, కోటలోని సెయింట్ మేరీ చర్చిలో ఉంచారు.

మరణవార్త అందిన పిమ్మట మద్రాసులో చందాలు పోగయ్యాయి. విగ్రహ నిర్మాణం లండనులో నాటి ప్రఖ్యాత శిల్పి సర్ ఫ్రాన్సిస్ చాంట్రీకి అప్పగించబడింది. ఆయన ఒక వడ్రంగి కుమారుడు. పని పూర్తికావడానికి పదేండ్లు పట్టింది. 1838లో విగ్రహం ఓడలో వచ్చింది. నాడు మద్రాసుకు రేవుగోడలు లేవు. వాటి నిర్మాణం 1875 తరువాతి మాట. ఓడలు దూరాన లంగరు వేసేవి. కొబ్బరిపీచు త్రాళ్లతో పలకలు కుట్టిన మసూలా పడవలే అలలను దాటించి మనుషులనూ సరుకులనూ ఒడ్డుకు చేర్చేవి. అటువంటి తీరంలో టన్నుల బరువుగల కంచును దించడం, చెక్కుచెదరక మైదానానికి చేర్చడం కూలీల నేర్పుకు పరీక్ష. 1839లో విగ్రహం పీఠమెక్కింది. ఆ కాలంలోనే కట్టిన రాతి దీపస్తంభం 1844లో వెలిగింది. అది నేడు హైకోర్టు ఆవరణలో ఉంది. రేవు పొంత రూపుదిద్దుకొంటున్న రోజుల గుర్తులు ఈ రెండూ.

రికాబులు పెట్టడం శిల్పి మరచిపోయాడనీ, ఆ అవమానంతో ప్రాణం తీసుకొన్నాడనీ ఒక కథ ప్రచారంలో ఉంది. అది సత్యం కాదు. లండను ట్రఫాల్గర్ స్క్వేర్‌లో చాంట్రీ చేసిన నాల్గవ జార్జి విగ్రహానికి సైతం జీను, రికాబులు లేవు. ప్రాచీన రోమను శిల్పాల తీరును అనుసరించి ఆయన బుద్ధిపూర్వకంగానే వాటిని వదిలివేశాడు.

ఆ రేవు ప్రాంతంలో విగ్రహాల భాగ్యం ఒక్కలా లేదు. బెంగాలులో శాశ్వత జమీందారీ పద్ధతిని నెలకొల్పిన కార్న్‌వాలిస్ పాలరాతి విగ్రహం ఇప్పుడు కోట మ్యూజియంలో ఉంది. ఆ పద్ధతి ఉత్తర సర్కారులలో కూడా పాదుకొని, గంజాం మొదలు గోదావరి దాకా రైతును జమీందారు చేతిలో పెట్టింది. 1857 తిరుగుబాటును క్రూరంగా అణచిన నీల్ విగ్రహాన్ని తొలగించాలని మౌంట్ రోడ్డులో 1927లో సత్యాగ్రహం జరిగింది. 1937లో కాంగ్రెసు ప్రభుత్వం దానిని అక్కడనుండి తీసివేసింది. మన్రో కంచు గుర్రాన్ని మాత్రం కదల్చలేదు. 1948 చట్టంతో మద్రాసు రాష్ట్రంలో జమీందారీలు రద్దయినప్పుడు ఆ భూములు మారినది కూడా రైత్వారీ పద్ధతిలోకే.

అంతమాత్రాన ఆయన విదేశీ వర్తకసంస్థ సేవకుడన్న నిజం చెరిగిపోదు. ఆయన రైతును చూసింది ముందుగా శిస్తు చెల్లించేవాడుగానే. అయితే శిస్తు చెల్లించేవానికి పేరుంటుందనీ, ఆ పేరు సర్కారు కాగితంలో ఉండాలనీ, వాని మాట వాని భాషలోనే వినాలనీ తెలిసిన అధికారులు ఆ కాలంలో అరుదు. పాలెగాని వారసుడు ఆ విగ్రహాన్ని ఒక చూపుతో చూస్తాడు, పట్టాదారు వారసుడు మరొక చూపుతో చూస్తాడు. రెండు చూపులూ న్యాయమైనవే.

పట్టణంలో దొరలు చందాలెత్తి పెట్టిన కంచు ఒకటి. సీమలో మిగిలిన గుర్తులు వేరు. పత్తికొండలో ఆయన పేర బావి, చింతతోపు వెలిశాయి. గుత్తిలో బాటసారులకు సత్రం ఏర్పడింది. మంత్రాలయంలో మఠం భూముల విచారణకు వెళ్లినప్పుడు రాఘవేంద్రస్వామి ఆయనకు దర్శనమిచ్చారని జనశ్రుతి. తిరుమలలో నైవేద్యానికి వాడే మన్రో గంగాళం ప్రసిద్ధం. దత్తమండలంలో చాలాకాలం మగబిడ్డలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకొన్నారు. ఒక పరదేశి పేరును తమ అప్ప అనే పదంతో కలిపి కన్నబిడ్డకు పెట్టుకోవడం ఏ ప్రభుత్వ ఉత్తర్వు వలనా జరిగేది కాదు.

1953లో బళ్లారి మైసూరు రాష్ట్రంలో కలిసింది. బారామహల్ తమిళనాట ఉంది. పత్తికొండ, గుత్తి ఆంధ్రలో ఉన్నాయి. మన్రో గుర్రమెక్కి తిరిగిన ఒకే సీమ నేడు మూడు రాష్ట్రాల సరిహద్దులతో విభజింపబడింది. ఆ మూడింటిలోనూ పాత ఇండ్ల పెట్టెలలో పట్టా కాగితాలు భద్రంగా ఉన్నాయి. చెన్నపట్టణం రేవు దగ్గరి కంచు గుర్రం కథలో సగం ఆ పెట్టెలలోనే ఉంది.