మెట్టినింటి చరిత్ర వ్రాసిన గంగాదేవి

1916వ సంవత్సరమునకు పూర్వము గంగాదేవి కావ్యము విజయనగర చరిత్రకారుల చేతికి రాలేదు. ఆ యేట తిరువనంతపురమునందలి యొక గృహ గ్రంథాలయములో పండిత ఎన్. రామస్వామి శాస్త్రిగారికి 61 తాటియాకుల గ్రంథలిపి ప్రతి దొరకినది. వెంటనే హరిహర శాస్త్రి, శ్రీనివాస శాస్త్రి గారలు దానిని ప్రకటించిరి. 1957లో తిరువేంకటాచారిగారి ఆంగ్లానువాదముతోను, చారిత్రక పీఠికతోను అణ్ణామలై విశ్వవిద్యాలయము మరల అచ్చొత్తించినది. ఆ సంస్కృత కావ్యమే మధురావిజయము. వీరకంపరాయ చరిత్రమని దీనికి నామాంతరము. నడుమ నడుమ శ్లోకములు లోపించినవి.

గంగాదేవి మొదటి బుక్కరాయల కోడలు, కుమార కంపన భార్య. కంపన ముళుబాగిలు రాజ్యమునకు పాలకుడై, కాంచీ ప్రాంతమున శంబువరాయని జయించి, పిదప మధుర సుల్తానులపై దండు వెడలెను. 1374లో, తండ్రికంటె మూడేండ్లు ముందుగా, అతడు మరణించెను. 1377లో బుక్కరాయల సింహాసనము రెండవ హరిహరునికి సంక్రమించినది. కావున విజయనగర చక్రవర్తుల వరుసలో కంపనకు స్థానము లేదు. శాసనములు అతని బిరుదములను, దానములను చెప్పును. పుట్టి, పెరిగి, తండ్రి మాట విని, యుద్ధమునకు కదలిన మనుష్యుడుగా అతడు కనబడునది భార్య రచనయందే.

ఆమె కథ బుక్కరాయలతో ఆరంభమగును. అత్తగారైన దేవాయి గర్భము దాల్చుట, కంపన జననము, అతని తోబుట్టువుల పుట్టుక, కొడుకును దక్షిణమునకు పంపుచు బుక్కరాయలు చెప్పిన రాజనీతి మొదటి మూడు సర్గములలో వచ్చును. ఇవి అంతఃపురమున కోడండ్ర చెవిని పడదగిన ముచ్చటలే. అయినను గర్భవర్ణనమునందును, జననవర్ణనమునందును కాళిదాసుని రఘువంశపు అచ్చు స్పష్టముగా నున్నది. కనుక ఆ భాగమును పూర్తిగా కంటితో చూచిన సాక్ష్యముగా గ్రహించుట పొరపాటు. ఏడవ సర్గమున మాత్రము చరిత్ర వ్రాయు నామెయే చరిత్రలో ప్రవేశించును. సాయంసమయమును వర్ణింపుమని కంపన అడుగగా గంగాదేవి చంద్రోదయమును వర్ణించును. వంశచరిత్ర వ్రాసినవారు తమ్ము తాము ఆ వంశమునందు ఇంత సులువుగా కూర్చుండబెట్టుకొనుట అరుదు.

చరిత్రకారులకు ముఖ్యమైనది ఎనిమిదవ సర్గము. ఒక దివ్యస్త్రీ కంపన యెదుటికి వచ్చి పాండ్యదేశపు దుర్దశను విన్నవించును. శ్రీరంగమున కూలుచున్న ఇటుకలు స్వామిపై పడకుండ ఆదిశేషుడు పడగలు పట్టుచున్నాడట. మధుర తోటలలో కొబ్బరిచెట్లను నఱికివేసి, నరకపాలములు గ్రుచ్చిన శూలములను నాటిరట. ఇది శత్రుపక్షముపై కవయిత్రి కట్టిన అతిశయోక్తియని త్రోసివేయుటకు వీలులేదు. ఇబ్న్ బతూతా వ్రాతయే దానికి అడ్డుపడును. ఘియాసుద్దీన్ దమ్ఘానీ పాలనలో బందీలను కొఱతవేయుట తాను చూచినట్లు అతడు చెప్పినాడు. ఇతడు సుల్తానులకు పగవాడు కాడు. మధురలో స్వతంత్ర రాజ్యము స్థాపించిన జలాలుద్దీన్ అహసన్ షాకు అల్లుడు, దమ్ఘానీకి తోడల్లుడు. ఒకే నగరమును గూర్చి ఇద్దఱు సాక్షులు పలికిరి: ఒకతె భర్త వంశమును కీర్తించుచు, ఒకడు భార్యవైపు బంధువు క్రౌర్యమునకు రోయుచు. వీరి మాటలు కలిసినచోట మన నమ్మకము బలపడుచున్నది.

కలియని తావులును కలవు. తొమ్మిదవ సర్గమున కంపన ద్వంద్వయుద్ధమున సుల్తానును వధించును. కాని మధుర సుల్తానుల నాణెములు హిజరీ 779, అనగా 1377-78 వఱకు దొరకుచున్నవి. కంపన అప్పటికి గతించియుండెను. శ్రీరంగమున రంగనాథుని పునఃప్రతిష్ఠను 1371 నాటి శాసనము గోపనార్యునికి చెప్పుచున్నది. మఱి పిల్లలమఱ్ఱి పినవీరభద్రుని జైమినిభారతము దక్షిణ సురత్రాణుని గెలిచిన ఘనతను కృతిపతియైన సాళువ నరసింహుని పూర్వికుడగు సాళువ మంగునికి కట్టబెట్టినది. ఒక విజయమును రెండు ఇండ్లవారు తమ తమ వంశచరిత్రలలో చేర్చుకొనిరి. గంగాదేవి రచన ఆ కాలమునకు సన్నిహితమైనది గనుక ఎక్కువ విలువ కలది. అయినను అదియు ఒక ఇంటి పక్షమే.

మెట్టినింటిని ఇంత విరివిగా చెప్పిన గంగాదేవి పుట్టినింటి పేరైన ఎత్తలేదు. ఆమెను కాకతీయుల ఆడుబిడ్డగా చెప్పుట వాడుకయందున్నది గాని అది ఊహయే. ఆ ఊహకు ఆధారము కావ్యారంభమున ఆమె చేసిన కవిస్తుతి. వాల్మీకి, వ్యాస, కాళిదాస, బాణాదుల తరువాత ఆమె తిక్కయను తలచినది. ఇతడు మన తిక్కన సోమయాజియేయని విమర్శకుల మతము. సంస్కృత కావ్యమున, తెలుగు నేలకు దూరమైన దండయాత్రను వర్ణింపబోవుచు, తెలుగు భారతకర్తకు మ్రొక్కుట సామాన్యముకాదు. ఖరగ్‌పూరు ఓల్డ్ సెటిల్‌మెంటు వంటి తావులలో తరములుగా కాపురమున్న తెలుగువారి నెఱిగినవారికి ఈ తలపు వింతగా తోచదు. తిక్కయ పిమ్మట డెబ్బదినాలుగు కృతులు రచించిన అగస్త్యుడు, భారతకథను నాటకముగా మలచిన గంగాధరుడు స్తుతింపబడిరి. వారి వెనుక విశ్వనాథుడు వచ్చును. ఇతడు అగస్త్యుని మేనల్లుడు, ఓరుగంటి ప్రతాపరుద్రుని ఆశ్రయమునకు చెందిన సౌగంధికాహరణ కర్త. తన కవిత్వమునకు ఇతడే గురువని గంగాదేవి చెప్పుకొన్నది.