డోర్నకల్ బిషప్ అజరయ్య గారి దీనమనస్సు

దీనమనస్సు అనగానే తలవంచుకొని మౌనముగా కూర్చుండు మనిషిని మనము ఊహించుకొందుము. బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్య గారి జీవితము చూచినచో ఆ ఊహ నిలువదు.

ఆయన 1874 ఆగష్టు 17న తిరునెల్వేలి ప్రాంతమున ఒక గ్రామ గురువు ఇంట జన్మించిరి. మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివిరి గాని పట్టా పొందలేదు. వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా నుండగా, 1903లో తిరునెల్వేలి ఇండియన్ మిషనెరీ సొసైటీని స్థాపించినవారిలో ఒకరైరి. ఆ సొసైటీ నైజాం రాజ్యములోని డోర్నకల్‌కు మిషనెరీలను పంపెను. ఇతరులను పంపువారు సాధారణముగా కార్యాలయములోనే ఉండిపోవుదురు. ఈయన మాత్రము 1909లో అభిషేకము పొంది, తానే డోర్నకల్ వచ్చిరి. అప్పటికి దాదాపు ముప్పదియైదేండ్లు. మాతృభాష తమిళము, ఆంగ్లములో దిట్ట. అట్టివారు అ ఆ ల నుండి తెలుగు నేర్చుకొనవలసి వచ్చెను. చదువురాని కూలివానికి వచ్చిన మాట తనకు రాదని ప్రతిదినము ఒప్పుకొనుట పెద్దలకు ఎంత కష్టమో, పరభాషా ప్రాంతములో సేవచేసిన వారికి తెలియును.

మరుసటి యేడే, 1910లో, ఎడింబరో మహాసభలో సుమారు 1200 మంది ప్రతినిధుల యెదుట నిలిచిరి. వారిలో ఆసియావారు బహుకొద్దిమంది. పాశ్చాత్య మిషనెరీలు భారతీయ సేవకులకు ధనమును, ప్రాణమును కూడ ఇచ్చుచున్నారు గాని స్నేహము ఇచ్చుట లేదని ముఖము మీదనే చెప్పిరి. కొందరికి కోపము వచ్చెను. గర్వియైనచో తన అవమానములను ఏకరువు పెట్టి యుండును. ఈయన అడిగినది స్నేహము మాత్రమే. ధైర్యమునకు దీనత్వము అడ్డుకాదని నేను ఇందుచేతనే నమ్ముదును.

1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్‌గా ప్రతిష్ఠింపబడి, ఆంగ్లికన్ సంఘమున మొదటి భారతీయ బిషప్ అయిరి. ఈ నియామకమును మిషనెరీలలోను, స్వజనులలోను కొందరు వ్యతిరేకించిరి. ఆయన వాదములకు దిగక, ఎద్దుబండి మీద పల్లెలు తిరిగిరి. మురికి, రోగము, అప్పు, తాగుడు అను నాలుగింటితో పోరాడవలెనని మాలలకు, మాదిగలకు బోధించిరి. ఆ రెండు కులముల విశ్వాసులు ఒకే బల్లయొద్దకు రావలెనని పట్టుబట్టిరి. క్రమశిక్షణలో మెత్తనివారు కారు. ఆ కాఠిన్యము కొందరు గురువులకు రుచింపలేదనుటయు నిజమే.

బాప్తిస్మము పొందినవారు తమ తలలపై చేతులుంచుకొని, కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 9:16లోని భావమున సువార్త చెప్పెదమని ప్రమాణము చేయునట్లు ఆయన నేర్పిరి. నిన్నటిదాక ఊరివారు దూరముగా నిలిపిన కూలివాడు, బిషప్ మోయుచున్న భారమునే తన తలపై ఎత్తుకొనెను. సువార్త పని సాహెబులదో, గురువులదో మాత్రమే కాదని ఆ పల్లెలు తెలిసికొనినది అక్కడనే.

1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయము గౌరవ డాక్టరేటు ఇచ్చెను. పట్టాలేని ఆ విద్యార్థి దానిని పుచ్చుకొని, తిరిగి డోర్నకల్ పల్లెలకే వచ్చిరి. భారతీయ శిల్పరీతులతో కట్టించిన ఎపిఫనీ కతెడ్రల్‌ను ఎన్నో యేండ్లు ఓపికతో కనిపెట్టి, 1939 జనవరి 6న ప్రతిష్ఠించిరి. సంఘముల ఐక్యత కొరకు 1919 నాటి తరంగంబాడి సమావేశము మొదలుకొని పాటుపడి, 1945 జనవరి 1న డోర్నకల్‌లో ప్రభువునందు నిద్రించిరి. దక్షిణ ఇండియా సంఘము 1947 సెప్టెంబరు 27న ఏర్పడెను.