జరానికో లెక్క, ఎండకో లెక్క

జరం పుల్ల మీది పేరనే అనుకున్న ఫారెన్‌హీట్‌ను. ఆయన బతుకు చదివినంక మనోడే అనిపించిండు. 1686ల డాంజిగ్‌ల పుట్టిండు. పదిహేనేండ్లప్పుడు అమ్మ, నాయిన విషపు పుట్టకొక్కులు తిని ఒక్కనాడే పోయిండ్రు. యాపారం నేర్వమని ఆమ్‌స్టర్‌డామ్‌కు తోలిస్తే, గాజుగొట్టాల ఎంట పడ్డడు. 1714ల పాదరసం థర్మామీటరు చేసిండు. 1724ల తన కొలత అచ్చేసిండు. 1736ల హేగ్‌ల కన్నుమూసిండు.

ఆయన లెక్కల నీళ్లు గడ్డకట్టేది 32, మరిగేది 212. మనకు జరం గీ లెక్కల, ఎండ సెల్సియస్‌ల చెప్తరు. అందుకే 45 అంటే తక్కువే అనిపిస్తది. తొమ్మిదితోని గుణించి, ఐదుతోని భాగించి, 32 కలుపున్రి: 113! ఒంటి వేడి 98.6. గాలి అంతకు మించితే చెమటే దిక్కు. 102 జరమొస్తే పండుకోమంటం. మరి 113ల నీళ్లు, నీడ లేకుంట ఉపాధి కూలీని మట్టి తవ్వమంటమా?